పొయ్యి దగ్గర విప్పిన పట్టీ

చయనులుగారి పేరు చెబితే కాకినాడ చుట్టుపక్కల పెళ్ళివారికి ముందు గుర్తొచ్చేది రుచి కాదు, మడి. రుచిగా వండేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు. గాడిపొయ్యి దరిదాపులకి కుట్టిన బట్టతో ఎవరినీ రానివ్వనివారు, పెళ్ళికొడుకు తండ్రి చెప్పులతో పాకలోకి తొంగిచూస్తే గరిటె కింద పెట్టేసి మళ్ళీ స్నానానికి వెళ్ళిపోయేవారు ఆయనొక్కరే. అందుకే కాస్త ఆచారం పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు ముహూర్తం పెట్టుకోకముందే ఆయన్ని మాట్లాడుకునేవారు.

అలాంటి చయనులుగారు ఆ వేసవిలో వండుతూ వండుతూ ఉన్నట్టుండి చెంబెడు నీళ్ళు తన పంచె మీద తనే ఒంపుకోవడం మొదలుపెట్టారు.

"వేడిరా, ఒకటే వేడి! ఒళ్ళు కాలిపోతోంది" అనేవారు ఎవరైనా చూస్తే.

ఆయన తరవాత గరిటె పట్టవలసిన మేనల్లుడు గౌరీపతి ఆ మాట నమ్మాడు. వంటవాడి పంచె పొడిగా ఉండగా ఎవరూ చూడలేదు కనక అందరూ నమ్మారు. నీళ్ళ తడి కింద ఇంకో తడి ఉందన్న సంగతి ఆయనకొక్కరికే తెలుసు.

అంతకు ముందు ఏడాది ఆయనకి ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సరు బయటపడింది. కోత లేదు, కుట్టు లేదు, రోజూ వెళ్ళి బల్ల మీద పడుకుని రేడియేషన్ పెట్టించుకుని రావడమే అన్నారు. నిజంగానే అంతే. క్యాన్సరు లొంగింది. కాని ఆ కిరణాల సెగ పక్కనే ఉన్న మూత్రాశయానికీ తగిలింది. ఇప్పుడే వెళ్ళొచ్చినా మళ్ళీ వెళ్ళాలనిపించేది. పరిగెత్తుకు వెళ్తే రెండు చుక్కలు, ఆ రెండు చుక్కలకీ ప్రాణం పోయేంత మంట. తీరా ఏమీ లేదు కదా అని నిశ్చింతగా నిలబడితే పంచె తడిసేది. పక్కన ఎవరో బియ్యం కడుగుతున్న చప్పుడు వినపడితే చాలు, ఆత్రం తన్నుకొచ్చేది. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుందని డాక్టరు ధైర్యం చెప్పాడు, మాత్రలిచ్చాడు, కసరత్తులు నేర్పాడు. ఆయనకి మాత్రం సర్దుకోలేదు.

మడి లెక్కన బట్ట తడిస్తే స్నానం చేసి, తడిబట్ట కట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి రావాలి. మొదటి పెళ్ళిలో ఆయన అలాగే చేశారు. రెండోసారి వెళ్తుంటే గౌరీపతి "మళ్ళీనా మావయ్యా?" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఆ తరవాత చెంబు దొరికింది. వండినదంతా పెళ్ళివారు లొట్టలేసుకుంటూ తింటుంటే, ఈయన పందిట్లో తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయేవారు.

అప్పుడే డాక్టరు ఆయన్ని సముద్రం వైపున్న పరిశోధనశాలకి పంపించాడు. అక్కడ డాక్టర్ మైథిలి అని ముప్పై దాటీ దాటని అమ్మాయి నూకగింజంత వస్తువొకటి అరచేతిలో పెట్టి చూపించింది.

"బాబాయిగారూ, దీన్ని మేం గింజ అంటాం. సూదితో మీ మూత్రాశయం పక్కన పెడతాం. అది పంపే కబుర్లన్నీ ఇది వింటుంది. కాని ఏది నిజమో, ఏది ఉత్తుత్తి కంగారో దీనికి తెలీదు. మీరే నేర్పాలి."

నేర్పడానికి మణికట్టుకి ఒక రబ్బరు పట్టీ ఇచ్చింది. పట్టీ వణికినప్పుడల్లా జవాబు చెప్పాలి. సుఖంగా ఉంటే ఒకసారి తట్టాలి. మంటో ఆత్రమో ఉంటే రెండుసార్లు. బట్ట తడిస్తే మూడుసార్లు. గింజ ఆ జవాబుల్ని, ఆ సమయంలో ఒంటి వేడినీ, నిలబడ్డారా కూర్చున్నారా అన్నదాన్నీ కలిపి గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని వారాలకి ఉత్తుత్తి ఆత్రాన్ని నరంలోనే నొక్కేస్తుంది. నిజమైన ఆత్రం వస్తే కాస్సేపు బిగించి పట్టి, వెళ్ళేందుకు వ్యవధి ఇస్తుంది.

"మీరు తట్టినవన్నీ ఇక్కడ నాకు తెరమీద కనిపిస్తూ ఉంటాయి. స్నానానికి తప్ప పట్టీ తీయకండి" అంది మైథిలి.

ఆయన బుర్ర ఊపారు. ఊపుతూనే ఇంకో సంగతి గుర్తొచ్చి గతుక్కుమన్నారు. ఈ పిల్ల అన్నగారి పెళ్ళికి వంట తనదే. వీళ్ళ బామ్మ పాకలోకి వచ్చి, "మీ చేతి వంటని కళ్ళు మూసుకుని తింటానండీ" అని మరీ చెప్పి వెళ్ళింది.

ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన తూచా తప్పకుండా తట్టారు. రాత్రి రెండు, పొద్దున్న మూడు, మజ్జిగ తాగాక రెండు. పెళ్ళి వంటకి వెళ్ళేసరికి మాత్రం చెయ్యి రాలేదు. మడి కట్టుకున్న చేతికి రబ్బరు పట్టీ ఏమిటని విప్పి, పాక గుంజకున్న మేకుకి తగిలించారు. మడి అన్నది వంక. ఫలానావారి పెళ్ళిలో పప్పు తిరగమోత పెడుతూ చయనులు పంచె తడుపుకున్నాడని ఆ తెరమీద పడుతుంది, అదీ ఆయన బాధ. వంట ముగించి, స్నానం చేసి పట్టీ పెట్టుకోగానే అది గుయ్యిమని వణికేది. ఇంతసేపూ ఎలా ఉందని అడిగేది. చయనులుగారు చుట్టూ చూసి ఒక్కసారి తట్టేవారు.

సుఖం.

కొన్ని వారాలకి ఇంటి దగ్గర పరిస్థితి నిజంగానే మారింది. రాత్రి నిద్ర పట్టింది. మంట తగ్గింది. పొయ్యి దగ్గరైతే ఆత్రం అన్నదే మాయమైపోయింది, ఎందుకంటే పొయ్యి వేడిలో వచ్చే కబుర్లన్నీ ఉత్తుత్తివేనని గింజకి ఆయనే నేర్పారు. చుక్కలు పడడం మాత్రం ఆగలేదు. ఇదివరకు చెప్పి వచ్చేవి, ఇప్పుడు చెప్పకుండా వస్తున్నాయి. ఆయన చెంబుకి చెంబున్నర నీళ్ళు ఒంపుకున్నారు, అంతే.

ఒకరోజు భార్య విశాలాక్షమ్మ దండెం దగ్గర నిలదీసింది.

"పెళ్ళయ్యాక ఇన్నేళ్ళలో మీ పంచె మీరు పిండుకోగా నేనెరగను. ఇప్పుడేమొచ్చింది?"

"చేతులకి మంచి వ్యాయామంట."

"నాతో చెప్పకూడనిదా?"

"చారు పొంగుతోంది, చూడు" అన్నారాయన.

పొయ్యి మీద చారు లేదు. ఆవిడకా సంగతి తెలుసు. అయినా లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళిపోతున్న ఆవిడ వీపు చూస్తే ఆయనకి తనమీద తనకే రోత పుట్టింది.

ఆ తరవాత పరిశోధనశాలకి వెళ్ళినప్పుడు మైథిలి లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

"అందరికంటే మీ పాఠమే చక్కగా కుదిరింది బాబాయిగారూ. ఇకనుంచి కొత్తవాళ్ళు మొదటినుంచీ నేర్పక్కర్లేదు. మీ పాఠం వాళ్ళ గింజల్లో ఎక్కించేస్తాం. మేమంతా దాన్ని చయనుల పాఠం అంటున్నాం. ముందు ఒకాయనకి పెట్టి చూస్తాం. బాగుంటే వచ్చే నెల ఇంకో జట్టుకి."

నోరు విప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఆయన పెదవులు తడుపుకున్నారు కూడా. అంతలో ఎవరో మిఠాయి పొట్లం తెచ్చి, "మీ ముందు పెట్టడానికి సిగ్గేస్తోందండీ, బజారుది" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, ఒక ముక్క నోట్లో వేసుకుని ఇంటికొచ్చేశారు.

ఆ ఒకాయన పేరు గంటా నూకరాజు. అనకాపల్లి పక్క పల్లెలో బెల్లం వండుతాడు. చయనులుగారి లాగే రేడియేషన్ అయ్యాక నానా అవస్థా పడ్డవాడు. కాకపోతే ఇతనికి మూత్రనాళం కమిలి, మచ్చకట్టి, ఇరుకైంది. గింజ పెట్టిన మూడో వారంలో చెరకు రసం మరుగుతున్న పెనం పక్కన కుప్పకూలిపోయాడు. పొట్ట కుండలా బిగిసి ఉంది. పొద్దుటినుంచీ ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళాలని అనిపించనే లేదన్నాడు. చయనులుగారికైతే నిండినది చుక్కలుగా కారిపోయేది. నూకరాజుకి కారే దారి లేక వెనక్కి తన్ని మూత్రపిండాల మీదికి వెళ్ళింది. పడడంలో మోచెయ్యి పెనం అంచుకి కాలింది.

మైథిలి ఫోన్ చేసి, అతను పెనం దగ్గర పడిపోయిన సంగతి చెప్పింది.

"అతను పట్టీ సరిగ్గా తట్టలేదని ఇక్కడ అందరూ అంటున్నారు. చదువు లేదు కదా, అర్థమై ఉండదు. మీరొకసారి వచ్చి మాట్లాడతారా? మీ మాటైతే వింటాడు. సోమవారం జట్టు మొత్తానికి పాఠం ఎక్కిస్తున్నాం, ఈలోగా ఇది తేలాలి."

చయనులుగారు ఫ్లాస్కులో బార్లీ జావ కాచి పట్టుకెళ్ళారు. ఏం తప్పు జరిగిందో ఆయనకి దారిలోనే తెలిసిపోయింది. నిజానికి ఫోన్‌లో పెనం అన్న మాట వినగానే తెలిసింది.

నూకరాజు గొట్టంతో, పక్కన వేలాడే సంచితో మంచం మీద ఉన్నాడు. ఈయన ఫలానా అని నర్సు చెప్పగానే లేవబోయాడు.

"మీరేనా బాబూ ఆ మొదటాయన? మీ పాటవే నా కడుపులో ఉందంటండి! ఇంటికాడ ఎంత సుకవండి బాబూ, ఎన్నాళ్ళకో కంటినిండా తొంగున్నాను. మీకు దండవెట్టుకోవాల."

"పెనం దగ్గర ఏమైంది?"

"తప్పు నాదేనండి. పెనం కాడ ఏటీ తెలీనేదు. తెలీకపోతే సుకవే కదా అని ఒకటి కొట్టీసేను. సదువు నేనోణ్ణి, ఎక్కడో లెక్క తప్పీసుంటాను."

మంచం అవతల నిలబడ్డ అతని భార్య సన్యాసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"తాగీసి పడిపోయాడేటో అని అడుగుతన్నారు బాబూ ఈలందరూ. మా ఆయన సుక్క ముట్టడు. అయినా అడగాల్సిన మాటేనా అది? సెరుకు కొట్టీసి కుప్పెట్టుంది, పెనం కాడ నిలబడ్డానికి మనిసి నేడు. ఎవులితో సెప్పుకోవాల?"

చయనులుగారు జావ గ్లాసులో పోసి నూకరాజు చేతికిచ్చి, ఇప్పుడే వస్తానని వరండాలోకి వచ్చేశారు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నూకరాజు తప్పేనని అందరూ అంటున్నారు, నూకరాజూ అదే అంటున్నాడు. చెబితే మాత్రం గింజ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవడానికి వీల్లేదు. పొయ్యి దగ్గర ఏమయ్యేదో చెప్పాలి. ఆ ముక్క ఒక్కసారి బయటికి పొక్కితే ఏ ఇంటివాళ్ళూ మళ్ళీ గరిటె పట్టనివ్వరు, తిన్నవాళ్ళు తిన్నదంతా తలుచుకుని అసహ్యించుకుంటారు. ఆయన మెట్ల దాకా వెళ్ళారు. సోమవారం జట్టులో ఇనప కొలిమి దగ్గర పనిచేసేవాడు ఉండొచ్చు, రొట్టెల బట్టీవాడు ఉండొచ్చు. వాళ్ళు కూడా పొట్ట బిగిసి పడిపోయి, తప్పు మాదేనండి అంటారు. ఆ మాట రెండోసారి వినే శక్తి తనకి లేదనిపించింది. వెనక్కి తిరిగారు.

మంచం దగ్గర నిలబడే చెప్పారు. కూర్చుంటే చెప్పలేనని భయం.

"నూకరాజూ, నువ్వు లెక్క తప్పలేదు. నేను తప్పు నేర్పాను. పొయ్యి దగ్గర నాకు పంచె తడిసేది. అప్పుడు మూడు తట్టాలి. నేను పట్టీ విప్పి దాచి, తరవాత ఒకటి తట్టాను. వంటవాడికి ఉచ్చ పడిపోతోందని నలుగురికీ తెలుస్తుందని సిగ్గుపడ్డాను. నిప్పు దగ్గర ఏమీ తెలియకుండా పోవడం అక్కడినుంచి వచ్చింది. నా దగ్గరనుంచి వచ్చింది."

నూకరాజుకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సన్యాసమ్మకి పట్టలేదు. మొగుడి చేతిలో గ్లాసు తీసుకుని, జావ తిరిగి ఫ్లాస్కులో పోసి, మూత బిగించి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"మీరొండింది మాకొద్దు. అట్టుకెల్లిపోండి."

చయనులుగారు పుట్టి బుద్ధెరిగాక ఆయన వండినది వెనక్కి ఇచ్చినవాళ్ళు లేరు. ఫ్లాస్కు తీసుకుని తలొంచుకుని వార్డు దాటారు. దారిలో మంచాల మీదివాళ్ళు అందరూ తననే చూస్తున్నారనిపించింది. చూసినా చూడకపోయినా ఆయనకి తేడా లేదు.

పరిశోధనశాలలో మైథిలి అంతా వింది. ముందు సోమవారం పని ఆపమని ఎవరికో చెప్పింది. తరవాత ఈయన వైపు చూడకుండా అంది.

"చేతి వేడి తగలకుండా పట్టీ ఖాళీగా ఉన్న గంటలు నాకు కనపడ్డాయి బాబాయిగారూ. అడుగుదామనుకున్నాను. మా అన్నయ్య పెళ్ళికి వండినాయన్ని పట్టుకుని, వంట చేస్తుండగా తడిసిందా అని ఎలా అడగను? నోరు రాలేదు. స్నానమేమో అని సర్దుకున్నాను. అంతంతసేపు స్నానం ఎవరు చేస్తారు?" ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "డాక్టర్ని నేను. నాకెందుకు సిగ్గు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక కిటికీలోంచి బయటికి చూశారు.

"అతనిలోంచి గింజ తీసేయొచ్చు కదమ్మా?"

"తీయాలంటే కోయాలి, కిరణాల సెగ తగిలిన చోట కోస్తే మానదు. గొట్టం ఉన్నంతకాలం అతను సొంతంగా నేర్పనూ లేడు. ఉన్న పాఠం చెరగదు, దాని మీద కొత్త పాఠం ఎక్కించాలి. అది మీరే నేర్పాలి. నిప్పు దగ్గర నిలబడి, జరిగింది జరిగినట్టు తట్టాలి. అది కుదిరితేనే అతని గొట్టం తీసే ధైర్యం చేస్తాను."

ఆ వారంలోనే పిఠాపురంలో పెళ్ళి. చయనులుగారు మడిపంచె కట్టుకుని, మణికట్టుకి పట్టీతోనే పాకలోకి వెళ్ళారు. వంకాయలు వేగుతుండగా పట్టీ వణికింది. ఆయన చూసుకుని, మూడుసార్లు తట్టారు. పెళ్ళికూతురి మేనత్తగారు గుమ్మంలోంచి చూస్తోంది.

"అదేమిటండీ చయనులుగారూ, మడి కట్టుకుని చేతికా రబ్బరేమిటి?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నాడి చూసే గడియారమంటే నమ్మేస్తుంది.

"నాకు ఒంట్లో బాగాలేదమ్మా. ఉచ్చ ఆగదు. ఎప్పుడు పడిందో ఇది డాక్టర్లకి చెబుతుంది. ఇప్పుడే పడింది" అన్నారు.

ఆవిడ కొంగు బిగించుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తరవాత పెద్ద గొడవేమీ కాలేదు. గొడవే అయ్యుంటే బాగుండుననిపించింది ఆయనకి. పెళ్ళివారు గుసగుసలాడుకున్నారు. వేగుతున్న వంకాయల మూకుడు దింపించి పారబోయించారు. గౌరీపతి వచ్చి, తల పైకెత్తకుండా గరిటె అందుకున్నాడు.

"మావయ్యా, మీరు ఇంటికెళ్ళండి. నేను చూసుకుంటాను."

ఆ కబురు ఆయనకంటే ముందు కాకినాడ చేరింది. విశాలాక్షమ్మ వాకిట్లోనే ఎదురై, ఏమీ అడగకుండా చేతిలో మూట అందుకుంది. మాసిన పంచె తీసి తనే తడిపింది. ఆయన వద్దనలేదు. అటుపైన వంటకి పిలుపులు రాలేదు. మాట్లాడుకున్నవాళ్ళు కూడా తారీఖు మారిందన్నారు. నిప్పు దగ్గర నిలబడితే తప్ప నూకరాజుకి గొట్టం ఊడదు, ఈయన్ని నిప్పు దగ్గరికి ఎవరూ రానివ్వరు.

చయనులుగారు బస్సెక్కి అనకాపల్లి దాటి ఆ పల్లెలో దిగారు. గానుగ పాకలో సన్యాసమ్మ చెరకు పిప్పి ఎగదోస్తోంది. నూకరాజుని ఇంటికి తెచ్చేశారు. సంచీ పక్కన పెట్టుకుని నులకమంచం మీద కూర్చున్నాడు. ఇద్దరు కూలీలు గానుగలో చెరకు పెడుతున్నారు.

"మల్లీ ఎందుకొచ్చేరు?" అంది సన్యాసమ్మ.

"నిప్పు కావాలమ్మా. నాకు ఎక్కడా దొరకలేదు. మీ పెనం దగ్గర నిలబడనివ్వండి. పని చేస్తాను. నాకు కూలి వద్దు. ఈ పట్టీకి నిజం చెప్పాలి, ఆయన కోసం."

ఆవిడ మొగుడి వైపు చూసింది. అతని మొహంలో మొదటి రోజు కనిపించిన గౌరవం లేదు. కోపం కూడా లేదు. గొట్టం ఎప్పుడు తీస్తారా అని ఎదురుచూసే నీరసం ఉంది.

"బెల్లం వొండగల్రా?" అని అడిగిందావిడ.

"పాకాలు తెలుసు."

"ఇక్కడ మడీ గిడీ నేదు" అని తెడ్డు ఆయన చేతికిచ్చింది సన్యాసమ్మ.

సెగ మొహాన కొట్టింది. రసం మీద నురగ తేరింది, తీశారు. మళ్ళీ తేరింది. ఆకుపచ్చ రసం నెమ్మదిగా తేనెరంగుకి తిరుగుతుండగా కాళ్ళ మధ్య వెచ్చగా తగిలింది. పట్టీ వణికింది. గానుగ దగ్గర కూలీలు ఇటే చూస్తున్నారు. పట్టపగలు. చుట్టూ గోడలైనా లేవు. ఆయనకి చెవులదాకా వేడెక్కింది. సిగ్గు పోతుందని ఎవరో చెప్పగా విన్నారు గాని పోలేదు, అది ఎప్పటికీ పోదని అక్కడే తెలిసింది. చెయ్యెత్తి ఒకటి, రెండు, మూడు తట్టారు.

"ఏటయ్యింది బాబూ?" అన్నాడు నూకరాజు మంచం మీదినుంచి.

"తడిసింది, నూకరాజూ."

నూకరాజు అరచెయ్యి తన పొత్తికడుపు మీద పెట్టుకుని, ఏదో వినపడుతుందేమోనన్నట్టు తల వంచాడు.

సన్యాసమ్మ పొయ్యిలోకి పిప్పి తోస్తూ, ఇటు తిరగకుండానే అంది.

"తాడు మీద మా ఆయన లుంగీ ఉంది, కట్టుకొని రండి. బేగి రండి, పాకం ముదిరిపోతంది."